శుద్ధ నీటి యంత్రం ఇంట్లో పెట్టుకోవాలా, వ్యాన్‌లో బిగించుకోవాలా?

రెడింగ్_రాఘవ
ఏడాదిన్నరగా ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఇళ్ల కిటికీల అద్దాలు కడిగే పని చేస్తున్నాను. తెలిసినవాళ్ల మూడు ఇళ్లతో మొదలుపెట్టాను, ఇప్పుడు నూట నలభై ఇళ్లయ్యాయి. నిచ్చెన ఎక్కను. నేల మీదే నిలబడి, చివర బ్రష్ ఉన్న పొడవాటి పోల్‌లోంచి ఖనిజాలు తీసేసిన శుద్ధ నీరు పంపి కడుగుతాను, తుడవకుండా వదిలేస్తాను. ఇన్నాళ్లూ ఆ నీటిని కొనుక్కుంటున్నాను. పొద్దున్నే తొమ్మిది మైళ్లు వెళ్లి, 350 లీటర్లు నింపుకుని వచ్చేసరికి గంట పోతోంది. పిల్లను బడిలో దింపే వేళ కూడా అదే.

ఇక నీళ్లు నేనే తయారు చేసుకోవాలని నిర్ణయించుకున్నాను. యంత్రం ఎక్కడ పెట్టాలన్నదే తేలడం లేదు. పరికరాలు బిగించే మనిషి వ్యాన్‌లోనే పెట్టించుకోమంటున్నాడు. ఇదే పనిలో ఉన్న స్నేహితుడు గ్యారేజీలో పెట్టుకోమంటున్నాడు. మాది అద్దె ఇల్లు, చిన్న గ్యారేజీ ఉంది. వ్యాన్ చిన్నది, 650 కిలోలు మోస్తుందని కాగితాల్లో ఉంది. కుళాయి నీటి టీడీఎస్ (కరిగిన ఖనిజాల మొత్తం) 340 పీపీఎం, అంటే లీటరుకు దాదాపు 340 మిల్లీగ్రాములు. రెండు పద్ధతుల్లో దేనితోనైనా పనిచేసినవాళ్లు చెప్పండి.

స్లౌ_శీను
వ్యాన్‌లోనే పెట్టండి. నాలుగేళ్లుగా నాది అదే ఏర్పాటు. రాత్రి ఇంటి ముందు వ్యాన్ ఆపి, కుళాయి గొట్టం తగిలించి పడుకుంటాను. తెల్లారేసరికి ట్యాంకు నిండి ఉంటుంది. ఇంట్లో మరో పెద్ద ట్యాంకు అక్కర్లేదు, అక్కడి నుంచి వ్యాన్‌లోకి ఎక్కించే పంపూ అక్కర్లేదు. మధ్యాహ్నం నీళ్లు అయిపోతే ఎక్కడ కుళాయి దొరికితే అక్కడే నింపుకోవచ్చు. ఇల్లు మారితే యంత్రం మీతోనే వస్తుంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

సున్నా_పీపీఎం
ఇల్లే నా ఓటు. కారణాలు తరువాత రాస్తాను, ముందు ఒక్క విషయం. రాఘవ గారూ, 340 అనేది మీరు కొలిచిందా, ఎవరైనా చెప్పిందా? మీటరు చవకే. ఎండాకాలం ఒకసారి, చలికాలం ఒకసారి కొలవండి. యంత్రం ఎంత పెద్దది కావాలో మీ కుళాయి నీరే చెబుతుంది, అమ్మేవాడు కాదు.

గ్లాస్గో_గోదావరి
ఇంత హంగామా ఎందుకో నాకు అర్థం కావడం లేదు. నేను ఖనిజాలను పట్టేసుకునే రెజిన్ పూసల సిలిండర్ ఒక్కటే పెట్టుకుని పని చేస్తున్నాను. ఆర్‌ఓ (ఒత్తిడితో నీటిని మెంబ్రేన్ అనే పలుచని పొర గుండా వడకట్టే యంత్రం) లేదు, వృథా నీరు లేదు, కరెంటు లేదు. కుళాయికి తగిలిస్తే అటు నుంచి సున్నా పీపీఎం వస్తుంది. రెజిన్ అయిపోతే మార్చుకోవడమే.

సున్నా_పీపీఎం
గోదావరి గారూ, మీరు తాగేది కత్రీన్ సరస్సు నీరు. 1859 నుంచి గ్లాస్గోకు వచ్చే ఆ నీరు కొండల మీద కురిసిన వాన, అందులో కరిగిన ఖనిజాలు నామమాత్రం. మీ కుళాయిలో టీడీఎస్ ఎంత?

గ్లాస్గో_గోదావరి
35.

సున్నా_పీపీఎం
అదే మీకూ రాఘవ గారికీ తేడా. రెడింగ్ ఉన్న థేమ్స్ లోయ నీరు సుద్ద రాళ్లలోంచి ఊరి వస్తుంది. కెటిల్ అడుగున తెల్లగా పేరుకునే పొర ఆ సున్నమే. అద్దం మీద నీరు ఆరినప్పుడు చుక్క చుక్కకూ మిగిలే తెల్లమచ్చ కూడా అదే.

ఒక లెక్క చూపిస్తాను, ప్రయోగశాల లెక్క కాదు, మోటు లెక్క. 25 లీటర్ల రెజిన్ సంచీ 340 పీపీఎం నీటిని దాదాపు 2,000 లీటర్ల వరకు శుద్ధి చేస్తుంది. రోజుకు 350 లీటర్లు వాడితే ఆరు రోజులకు ఒక సంచీ ఖాళీ! అదే సంచీ గ్లాస్గోలో 20,000 లీటర్లు లాగుతుంది, అంటే రెండు నెలలకు పైగా పని. రెడింగ్‌లో రెజిన్ ఒక్కదాన్నే నమ్ముకుంటే సంపాదనంతా రెజిన్‌కే పోతుంది.

ఆర్‌ఓ మెంబ్రేన్ ఖనిజాల్లో 95 నుంచి 98 శాతం పక్కకు తోసేస్తుంది. 340 కాస్తా పది, పదిహేనుకు దిగుతుంది. మిగిలిన కొద్దిపాటిని రెజిన్ తీస్తుంది. అప్పుడు మీకు కూడా సంచీ నెలల తరబడి వస్తుంది. కాబట్టి మీకు ఆర్‌ఓ తప్పదు. ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న ఆ తరువాతది.

బర్మింగ్‌హాం_బాబాయి
మాకు ఎలాన్ లోయ నుంచి నీళ్లు. వేల్స్ కొండల్లోంచి డెబ్బై మైళ్లకు పైగా, పంపు అవసరం లేకుండా వాలు మీదే 1904 నుంచి వస్తున్నాయి. నా మీటరులో 90 చూపిస్తుంది. నేను చిన్న ఆర్‌ఓ, చిన్న రెజిన్ రెండూ షెడ్డులో పెట్టాను. సున్నా గారి లెక్క నా అనుభవానికి దగ్గరగానే ఉంది.

వాణి_మాంచెస్టర్
నేనూ మా వారూ కలిసి ఈ పని చేస్తాం. ఉదయం ఆయన పోల్ పడితే మధ్యాహ్నం నేను పడతాను. శీను గారి పద్ధతి వినడానికి హాయిగా ఉంది. కానీ ఇంటి ముందు సొంత స్థలం ఉన్నవాళ్లకే అది చెల్లుతుంది. మాది వరుస ఇళ్ల వీధి, వ్యాన్ రోడ్డు మీదే ఆపాలి. రాత్రంతా కాలిబాట మీదుగా గొట్టం పరిస్తే ఎవరో ఒకరు తట్టుకుని పడతారు. మొదటి నెలలో మేం అలాగే చేశాం. పక్కింటి పెద్దావిడ కర్ర ఆ గొట్టానికి తగిలి ముందుకు తూలింది. దేవుడి దయ, పడలేదు. ఆ రాత్రే గొట్టం చుట్టేసి లోపల పెట్టేశాను.

ఇప్పుడు వెనక పెరట్లో వెయ్యి లీటర్ల చదరపు ట్యాంకు ఉంది. ఆర్‌ఓ దాన్ని నింపుతుంది, ఫ్లోటు వాల్వు దానంతట అదే ఆపేస్తుంది. పొద్దున వెనక సందులోకి వ్యాన్ తెచ్చి పంపు వేస్తే పావుగంటలో నిండుతుంది. పావుగంటసేపు గొట్టం పక్కన నేనే నిలబడతాను.

స్లౌ_శీను
స్థలం లేకపోతే సరే, ఒప్పుకుంటాను. కానీ రాఘవకు ఇంటి ముందు జాగా ఉంటే? పైగా దారిలో నింపుకునే సౌకర్యం మీ పద్ధతిలో లేదు. నేను కస్టమర్ కుళాయికి తగిలించి, వాళ్ల కిటికీలు కడుగుతూనే ట్యాంకు నింపుకుంటాను.

వాణి_మాంచెస్టర్
ఆ నీళ్ల బిల్లు ఎవరిది?

స్లౌ_శీను
కొంచెం నీళ్లే కదండీ. ఎవరూ ఏమీ అనలేదు.

వాణి_మాంచెస్టర్
ఎవరూ ఏమీ అనకపోవడానికి కారణం, వాళ్లకు తెలియకపోవడం. ఆర్‌ఓ వంద లీటర్ల మంచి నీరు ఇవ్వడానికి మరో వందో, రెండు వందలో లీటర్లు కాలువలోకి వదులుతుంది. మీరు మూడు వందల లీటర్లు నింపుకుంటే ఆ ఇంటి మీటరు మీద తొమ్మిది వందల దాకా పడవచ్చు. వాళ్ల కిటికీలకు పట్టేది ముప్పై లీటర్లు. మిగతాదంతా పక్క వీధి ఇళ్ల కిటికీలకు. కోపంతో కాదు శీను గారూ, నిజంగా చెబుతున్నాను, చెప్పకుండా తీసుకునేది ఎంత చిన్నదైనా నాకు మనసొప్పదు. మన మీద నమ్మకంతో పక్క గేటు తాళం తీసి పెట్టే మనుషులు వాళ్లు.

స్లౌ_శీను
వృథా నీటి సంగతి నేను ఆ కోణంలో ఆలోచించలేదు. వాళ్ల ఇంటికి పట్టేంత మాత్రమే తీసుకోవాలంటారు.

బర్మింగ్‌హాం_బాబాయి
అడిగి తీసుకో శీనూ. అడిగితే కాదనేవాళ్లు తక్కువ. నేను అడిగిన ఒకావిడ నీళ్లతో పాటు టీ కూడా ఇచ్చింది.

లారీ_లక్ష్మణ్
నేను కిటికీలు కడగను, లారీ నడుపుతాను. మా తమ్ముడు మీ పనిలో ఉన్నాడు, వాడి కోసం చదువుతున్నాను. ఇంతవరకు ఎవరూ బరువు మాట ఎత్తలేదు. రాఘవ గారి వ్యాన్ 650 కిలోలన్నారు. లెక్క వేద్దాం.

నీళ్లు 350 లీటర్లంటే 350 కిలోలు. అమ్మేవాడు ఎలాగూ 400 లీటర్ల ట్యాంకు అంటగడతాడు, దాన్ని మీరు నింపకుండా ఉండరు, కాబట్టి 400 వేసుకోండి. ట్యాంకు, దాన్ని నేలకు బిగించే ఇనుప చట్రం 55. ఆర్‌ఓ, పంపులు, నీటితో నిండిన ఫిల్టర్లు, రెజిన్ సిలిండరు, బ్యాటరీ కలిపి 70. గొట్టాల చుట్టలు రెండు, పోల్‌లు, పెట్టెలు 50. పక్క సీట్లో మనిషి కూర్చుంటే 75. మొత్తం 650. నిండు ట్యాంకుతో బయలుదేరిన ప్రతిసారీ మీరు గీత మీద ఉంటారు. డ్రైవరు బరువు ఆ 650లో కలిపారో లేదో కంపెనీని బట్టి మారుతుంది. కలపకపోతే గీత దాటినట్టే.

అధిక బరువుతో పట్టుబడితే జరిమానా ఒక్కటే కాదు, బరువు దించేవరకు కదలనివ్వరు. ప్రమాదం జరిగితే బీమా దగ్గర మీరేం చెబుతారు? తూకం వేసే చోటు ప్రతి ఊరికీ దగ్గర్లో ఉంటుంది. నిండు ట్యాంకుతో ఒకసారి తూయించండి. ముందు చక్రాల మీద ఎంత, వెనక చక్రాల మీద ఎంత అన్నది కూడా విడివిడిగా చూడండి. మొత్తం సరిపోయినా వెనక ఇరుసు మీద ఎక్కువ పడుతుంది.

రెడింగ్_రాఘవ
లక్ష్మణ్ గారూ, ఇది చదివి గుండె జారింది. పరికరాలు బిగించే మనిషి నా వ్యాన్ ఎంత మోస్తుందని ఒక్కసారి కూడా అడగలేదు.

లారీ_లక్ష్మణ్
అడగనివాడితో బిగించుకోకండి. మా తమ్ముడి వ్యాన్‌లో ఒకాయన ట్యాంకును బెల్టులతో కట్టి వదిలేశాడు. ఒకరోజు ముందు కారు ఆగిందని బ్రేకు తొక్కితే ట్యాంకు జారి వాడి సీటు వెనక ఉన్న తడికను వంచేసింది. నాలుగు వందల కిలోల నీరు కదిలిందంటే దానికి మనిషీ కుర్చీ తేడా తెలియదు. లోపల అడ్డుగోడలున్న ట్యాంకు తీసుకోండి, వాహనం చట్రానికి బోల్టులతో బిగించిన ఉక్కు ఫ్రేమే పెట్టించండి. ఈ విషయంలో డబ్బు చూసుకోవద్దు.

కొత్తగా_వచ్చాను
నాదో చిన్న సలహా. ఉప్పు వేసే వాటర్ సాఫ్ట్‌నర్ పెట్టుకుంటే సరిపోదా? మా అద్దె ఇంట్లో ఉంది. కెటిల్‌లో పొర అసలు రావడం లేదు. ఆర్‌ఓ కంటే చవక కదా.

సున్నా_పీపీఎం
మంచి ప్రశ్న, చాలామంది ఇక్కడే పొరబడతారు. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసుకుని వాటి బదులు సోడియం ఇస్తుంది. సున్నపు పొర పోతుంది, నిజమే. కానీ నీటిలో కరిగిన పదార్థం మాత్రం అంతే ఉంటుంది. మీ సాఫ్ట్‌నర్ ముందూ తరువాతా టీడీఎస్ కొలిచి చూడండి, అంకె దాదాపు మారదు. ఆ నీటితో అద్దం కడిగితే ఆరాక మచ్చ మిగులుతుంది. సున్నపు మచ్చ కంటే తేలిగ్గా పోతుందంతే. మనం తుడవకుండా వదిలేస్తాం కాబట్టి ఏ మచ్చా మిగలకూడదు. పది పీపీఎం దాటితే నాకు నమ్మకం ఉండదు.

అయితే మీ మాటలో ఒక మేలుంది. ఆర్‌ఓకు ముందు సాఫ్ట్‌నర్ ఉంటే మెంబ్రేన్ మీద సున్నం పట్టదు, ఎక్కువ కాలం వస్తుంది.

కొత్తగా_వచ్చాను
ధన్యవాదాలు. నేను ఎంఎస్ చదువుతున్నాను. సెలవుల్లో ఈ పని మొదలుపెట్టాలని ఉంది, అందుకే చదువుతున్నాను.

వాణి_మాంచెస్టర్
తమ్ముడూ, ఆగు. స్టూడెంట్ వీసా మీద సొంత వ్యాపారం చేయకూడదు. వారానికి ఇన్ని గంటలు ఉద్యోగం చేయవచ్చన్నది వేరు, సొంతంగా కస్టమర్లను పెట్టుకోవడం వేరు. చదువూ వీసా రెండూ ప్రమాదంలో పడతాయి. వీసా మారాక రా, మేమే నేర్పిస్తాం.

రెడింగ్_రాఘవ
అవును. నేను చేయగలుగుతున్నది డిపెండెంట్ వీసా కాబట్టి. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు, స్కిల్డ్ వర్కర్ వీసా తనది.

గ్లాస్గో_గోదావరి
స్కాట్లాండ్‌లో అయితే చాలా చోట్ల దీనికి కౌన్సిల్ లైసెన్సు కూడా కావాలి. 1982 చట్టం కింద ఆ నియమం పెట్టుకున్న కౌన్సిళ్లలో కిటికీలు కడిగేవాళ్లకు తప్పదు. ఇంగ్లండ్‌లో అది లేదు, మీరు అదృష్టవంతులు.

ఇక అసలు సంగతి. ఎండల్లో కూర్చుని వ్యాన్ బాగుందంటున్నారు. జనవరి మాట ఎవరూ అనలేదు. మెంబ్రేన్‌లో నీరు గడ్డకడితే అది మళ్లీ పనికిరాదు. ఫిల్టరు గిన్నెలు పగులుతాయి. మా స్నేహితుడు శుక్రవారం సాయంత్రం వ్యాన్ ఆపి, సోమవారం తలుపు తీస్తే పంపు తల చీలి ఉంది. చిన్న థర్మోస్టాట్ హీటరు పెట్టుకుంటే ఆపుకోవచ్చు, కానీ దానికి రాత్రంతా కరెంటు తీగ వ్యాన్‌లోకి లాగాలి. గ్యారేజీలోనూ చలి ఉంటుంది, అయితే అక్కడ ప్లగ్గు గోడకే ఉంటుంది.

స్లౌ_శీను
చలికాలం నేను హీటరు పెడతాను. నాలుగేళ్లలో ఒక్కసారే పాడైంది, అదీ నేను స్విచ్ వేయడం మరిచిన రాత్రి.

సున్నా_పీపీఎం
చలి ఇంకో దెబ్బ కూడా కొడుతుంది. మెంబ్రేన్ మీద రాసే సామర్థ్యం 25 డిగ్రీల నీటికి. ఒక్కో డిగ్రీ తగ్గితే ఉత్పత్తి దాదాపు మూడు శాతం పడిపోతుంది. రోజుకు 450 అమెరికన్ గ్యాలన్ల మెంబ్రేన్ అంటే కాగితం మీద గంటకు డెబ్బై లీటర్లు. ఫిబ్రవరిలో ఎనిమిది డిగ్రీల నీటితో అది నలభై ఇస్తే గొప్ప. 350 లీటర్లకు తొమ్మిది గంటలు పడుతుంది. రాత్రి పడుకునే ముందు తగిలిస్తే పొద్దునకు సరిగ్గా సరిపోతుంది, కానీ దారిలో ఆగి నింపుకుందామంటే కుదరదు. పోల్ నిమిషానికి లీటరున్నర నుంచి రెండు లీటర్లు తాగుతుంది, ఈ యంత్రం నిమిషానికి ముప్పావు లీటరు కూడా ఇవ్వదు.

శీను గారూ, మీది పెద్దది, 4040 మెంబ్రేన్ (నాలుగు అంగుళాల లావు, నలభై అంగుళాల పొడవు) అయి ఉండాలి, ఒత్తిడి పెంచే బూస్టర్ పంపుతో. అవునా?

స్లౌ_శీను
అవును, 4040. బూస్టర్ కూడా ఉంది. వ్యాన్ కూడా పెద్దదే, టన్నుకు పైగా మోస్తుంది.

సున్నా_పీపీఎం
అదీ సంగతి. మీ పద్ధతి తప్పని నేను అనడం లేదు. మీ వ్యాన్‌కు అది సరైనదే. రాఘవ గారి వ్యాన్‌కు కాదు.

కొండాపూర్_కిరణ్
హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. మేం ముగ్గురం కలిసి అపార్ట్‌మెంట్లు, విల్లాల మీది సోలార్ పలకలు, కార్యాలయాల కింది అంతస్తుల అద్దాలు కడుగుతాం. మా సమస్య మీకు ఉండదు. ఇక్కడ ఒకే రోజు రెండు ఇళ్లకు వెళ్తే రెండు రకాల నీళ్లు. కృష్ణా నీళ్లు వచ్చే ఇంట్లో టీడీఎస్ 300 లోపు. రెండు వీధుల అవతల బోరు నీళ్లు తోడే ఇంట్లో 1,100. ట్యాంకరు నీళ్లయితే అది ఏ బోరు నుంచి వచ్చిందో తోలినవాడికే తెలియాలి. బోరు నీళ్లతో సోలార్ పలక కడిగితే మూడు నెలలకే అంచుల్లో తెల్లని చార కడుతుంది. ఎండకు కాలిన పలక మీద నీరు క్షణాల్లో ఆరిపోతుంది, ఉప్పు అక్కడే నిలిచిపోతుంది. ఇంటివాళ్లు దుమ్మనుకుని మళ్లీ అదే నీళ్లతో కడుగుతారు.

మేం మొదట యంత్రాన్ని బండి మీద పెట్టాం. రెండు కష్టాలు వచ్చాయి. ఒకటి, ఒత్తిడి. ఇక్కడ కుళాయికి నీరు పైకప్పు ట్యాంకు నుంచి దిగుతుంది. పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ ఒత్తిడి. మూడంతస్తుల ఇంట్లో కింద కుళాయికి వచ్చేది ఆ ఒక్క బారే. ఆర్‌ఓకు నాలుగైనా కావాలి. బూస్టర్ పెడితే దానికి కరెంటు కావాలి. రెండోది, వేడి. మే నెలలో మూసిన బండిలో మెంబ్రేన్ ఉంచితే అది పాడైపోతుంది, 45 డిగ్రీలు దాటకూడదని దాని మీదే రాసి ఉంటుంది. మీకు గడ్డకట్టే భయం, మాకు ఉడికిపోయే భయం.

ఇప్పుడు షెడ్డులో నీడన యంత్రం, రెండు వేల లీటర్ల నల్ల ట్యాంకు, బండి మీద ఐదు వందల లీటర్ల ట్యాంకు. ఏ ఇంటి నీళ్లతోనూ మాకు పని లేదు. వృథా నీటిని షెడ్డు పక్క నర్సరీకి ఇద్దామనుకున్నాం. కానీ బోరు నీటి ఆర్‌ఓ వృథాలో ఉప్పు ఇంకా చిక్కబడుతుంది, మొక్కలకు పనికిరాదు. అది బండ్లు, నేల కడగడానికి పోతోంది.

రెడింగ్_రాఘవ
కిరణ్ గారూ, అంత దూరం నుంచి ఇంత ఓపిగ్గా రాశారు, చాలా కృతజ్ఞతలు. వ్యాన్ ట్యాంకు, ఇంటి ట్యాంకు విడివిడిగా ఉంటే మంచిదని నాకూ అనిపిస్తోంది.

పుదీనా_పచ్చడి
విషయం మార్చినందుకు ఏమీ అనుకోకండి. మా వారు ఈ పనే చేస్తారు, గ్యారేజీలో ఆర్‌ఓ ఉంది. లండన్‌కు వచ్చినప్పటి నుంచి కందిపప్పు సరిగ్గా ఉడకడం లేదని ఏడ్చేదాన్ని. పప్పు మంచిది కాదనుకుని దుకాణాలు మార్చాను. ఒకరోజు ఆయన నీళ్లతో వండితే మెత్తగా వెన్నలా ఉడికింది. సున్నం ఎక్కువున్న నీటిలో పప్పు గట్టిపడుతుందట! ఆరేళ్లు కుక్కర్‌ను తిట్టాను.

బర్మింగ్‌హాం_బాబాయి
అమ్మా, ఇక మీ వారికి పనికి నీళ్లు మిగలవు.

అంటువ్యాధుల_అనూష
నేను ప్రజారోగ్య విభాగంలో పని చేస్తాను. పుదీనా గారూ, వంటకు వేరే చిన్న తాగునీటి ఫిల్టరు పెట్టుకోండి. కిటికీల ట్యాంకులో నిల్వ ఉన్న నీటిని వంటకు, తాగడానికి వాడకండి. గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, కుళాయి నీటిని కాపాడేది అందులోని క్లోరిన్. దాన్ని కార్బన్ ఫిల్టరు తీసేస్తుంది, తీయకపోతే మెంబ్రేన్ పాడవుతుంది. అంటే ఆర్‌ఓ తరువాతి నీరు చూడటానికి ఎంత శుభ్రంగా ఉన్నా దానికి కాపలా లేదు. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలవ నీటిలో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లీజియొనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. అది తాగితే కంటే తుంపరగా పీల్చితే ప్రమాదం. మీ బ్రష్ చేసేది తుంపరే.

వ్యాన్ ట్యాంకు జులై ఎండలో ఎంత వేడెక్కుతుందో ఒకసారి థర్మామీటరు పెట్టి చూడండి. ఇంటి ట్యాంకైతే నీడన, చల్లగా, మూసి ఉంచవచ్చు. వెలుతురు తగిలితే పాచి పడుతుంది కాబట్టి తెల్ల ట్యాంకైతే నల్ల గుడ్డ కప్పండి. రెండు వారాలు సెలవు మీద వెళ్తే వచ్చాక పాత నీరు పారబోయండి, ట్యాంకు క్రిమిసంహారకంతో కడగండి. పనివాళ్లను పెట్టుకుంటే ఇది మీ చట్టపరమైన బాధ్యత కూడా, బ్రిటన్ పని భద్రతా సంస్థ హెచ్‌ఎస్‌ఈ వారి ఎల్8 నియమావళి ఇందుకే ఉంది.

వాణి_మాంచెస్టర్
అనూష గారూ, మా పెరటి ట్యాంకు తెల్లదే. ఇప్పుడే నల్ల కవరు తెప్పిస్తున్నాను.

ప్లంబర్_ప్రకాష్
ఇంకో మాట. యంత్రాన్ని తిన్నగా కుళాయికి తగిలించేయడం కాదు. కలుషిత నీరు వెనక్కి మంచినీటి పైపులోకి పీల్చబడకుండా అడ్డు ఉండాలి, 1999 నీటి నిబంధనలు అదే అడుగుతాయి. పైగా వృథా నీరు వదిలే శుద్ధి యంత్రం అమర్చే ముందు నీటి కంపెనీకి తెలియజేయాలి. కిటికీలు కడిగేవాళ్లలో ఇది చేసేవాళ్లను నేను తక్కువ చూశాను. అద్దె ఇల్లు కాబట్టి ఇంటి యజమానికి కూడా రాతపూర్వకంగా చెప్పండి. ఇంటి మీటరు మీద వ్యాపారానికి నీరు వాడుతున్నారని కంపెనీకి ముందే చెప్పుకుంటే తరువాత తలనొప్పి ఉండదు.

నీటి కొరత వచ్చినప్పుడు గొట్టంతో నీళ్లు వాడొద్దని నీటి కంపెనీలు పెట్టే నిషేధం సంగతి కూడా. 2022 ఆగస్టులో మా దగ్గర, 2025 జులైలో యార్క్‌షైర్‌లో పెట్టారు. గొట్టంతో ఇంటి కిటికీలు కడగడం ఆ నిషేధాల జాబితాలో ఉంటుంది. వ్యాపారులకు మినహాయింపులు ఇస్తుంటారు, కానీ కంపెనీకో రకం. నిషేధం వచ్చిన రోజే వాళ్ల నోటీసు చదవండి. అలాంటి రోజుల్లో కస్టమర్ కుళాయికి గొట్టం తగిలించి కాలువలోకి నీళ్లు వదులుతుంటే వీధంతా మిమ్మల్నే చూస్తుంది.

స్లౌ_శీను
చివరిది నిజమే. 2022లో ఒకాయన నన్ను ఆపి అడిగాడు, ట్యాంకు చూపించి వివరించాల్సి వచ్చింది. ఆ వారమంతా ఇంటి నుంచి నింపుకునే వెళ్లాను.

సరే రాఘవా, నీ వ్యాన్‌కు ఇల్లే మేలని ఒప్పుకుంటున్నాను. కానీ పెద్ద వ్యాన్, సొంత జాగా, రోజూ అరవై మైళ్లు తిరిగే రౌండు ఉన్నవాడికి నా పద్ధతే సరైనదని ఇప్పటికీ అంటాను. మధ్యలో నీళ్లు అయిపోతే ఇంటికి తిరిగి రావడమంటే సగం రోజు పోయినట్టే.

సున్నా_పీపీఎం
అది ఒప్పుకోవాల్సిందే.

రెడింగ్_రాఘవ
తూకం వేయించాను. ఇప్పుడున్న ట్యాంకులో 350 లీటర్లు, పోల్‌లు, గొట్టాలు, నేను. వెనక ఇరుసు మీద ఇంకా నలభై కిలోలే మిగిలింది. ఆర్‌ఓ బిగిస్తే అయిపోయేది. ఇంటి యజమానికి ఉత్తరం రాశాను, గోడకు రంధ్రాలు పెట్టకపోతే అభ్యంతరం లేదన్నాడు. కాబట్టి గ్యారేజీలోనే, చెక్క చట్రం మీద నిలబెడుతున్నాను. నీటి కంపెనీకి కూడా తెలియజేశాను.

సున్నా_పీపీఎం
కొత్త మెంబ్రేన్ పెట్టాక మొదటి గంట నీరు కాలువలోకి వదిలేయండి. దాన్ని నిల్వ ఉంచే ద్రవం కడిగిపోవాలి. ఆ మొదటి నీటిని రెజిన్‌లోకి అసలు పంపవద్దు.

రెడింగ్_రాఘవ
మూడు వారాల తరువాత రాస్తున్నాను. కుళాయిలో 338, ఆర్‌ఓ తరువాత 12, రెజిన్ తరువాత 000. ఆ మూడు సున్నాలు చూసి మా అమ్మాయి మీటరు పాడైందనుకుంది. పొద్దున్నే పావుగంటలో ట్యాంకు నింపుకుని, పిల్లను నేనే బడిలో దింపి పనికి వెళ్తున్నాను.

ఒక్క సందేహం. ఆర్‌ఓ తరువాత 12 ఉంటే సంచీ నెలల తరబడి వస్తుందన్నారు. రెజిన్ అయిపోయేకొద్దీ రంగు మారుతుంది కదా, మూడు వారాలకే ఆ రంగు సగం దాకా మారింది. తేడా ఎక్కడ వస్తోంది?

సున్నా_పీపీఎం
కార్బన్ డై ఆక్సైడ్. అది వాయువు కాబట్టి మెంబ్రేన్‌లోంచి దూరిపోతుంది, టీడీఎస్ మీటరుకు దాదాపు కనిపించదు, కానీ రెజిన్‌ను తినేస్తుంది. సుద్ద నేలల నీటిలో ఇది మామూలే. ఆర్‌ఓ నీటిని నేరుగా రెజిన్‌లోకి పంపకండి. ముందు ఇంటి ట్యాంకులో పడనివ్వండి, పైనుంచి ధారగా పడేలా. కొంత వాయువు అక్కడే ఎగిరిపోతుంది. ట్యాంకు నుంచి వ్యాన్‌లోకి వెళ్లే దారిలో రెజిన్ పెట్టండి. మీ గ్యారేజీలో రెండూ మార్చడానికి చోటుందా?

రెడింగ్_రాఘవ
ఉంది. ఆదివారం మారుస్తాను.